దుర్గం చెరువూ, దుర్గమమైన సత్రాలూ

'దుర్గ' శబ్దానికి మూలార్థం కోట కాదు. 'దుర్' అనే ఉపసర్గకు గమనార్థకమైన ధాతువు చేరి ఏర్పడిన ఈ పదానికి 'కష్టంతో చేరదగినది' అనేదే ప్రథమార్థం. శత్రువుకు చేర శక్యం కానిది గనుక కోట దుర్గమయినది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దుర్గాలను ఔదకం, పార్వతం, ధాన్వనం, వనదుర్గం అని నాలుగు విధాలుగా విభజించాడు. నీటి నడుమ ఉన్నది, కొండల నడుమ ఉన్నది, నిర్జల ప్రదేశంలో ఉన్నది, అరణ్యమధ్యంలో ఉన్నది అని క్రమంగా వాటి అర్థం. ఈ విభాగానికి ఆధారం గోడల ఎత్తు కాదు, చేరుకోవడంలోని కాఠిన్యం.

హైదరాబాదుకు పశ్చిమాన కొత్తగూడ కూడలికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న దుర్గం చెరువు ఈ లెక్కన ఔదకమూ పార్వతమూ కూడా అవుతుంది. చుట్టూ శిలామయమైన గుట్టలు, నడుమ జలాశయం. పక్కనే రాయదుర్గం. గోల్కొండ కోటకు ఈ చెరువు నుండే తాగునీరు వెళ్ళేదని ప్రతీతి. కోటకు ప్రాణాధారమైన నీరు ఎవరి కంటా పడని గుట్టల నడుమ ఉండటం రాజనీతికి అనుకూలమే గదా. ఇరవై ముప్పై ఏళ్ళ క్రితం కూడా దీనిని 'రహస్య సరస్సు' అని పిలుచుకునేవారు. 2020 సెప్టెంబర్ 25న దీనిపై తీగల వంతెన ప్రారంభమయినది. స్తంభాల నడుమ 233 మీటర్లకు పైగా విస్తరించిన ఆ వంతెన మీద, సాయంకాలం దీపాల వెలుగులో ఛాయాచిత్రాలు తీసుకునే జనసమ్మర్దం చూసినవారెవరూ ఆ స్థలాన్ని దుర్గమమని అనరు. పేరు మాత్రం మిగిలినది.

ఇందుకు సరిగ్గా విపర్యయంగా, ఎవరైనా సులభంగా చేరాలనే సంకల్పంతో బాట పక్కనే నిర్మించినవి ఇదే ప్రాంతంలో కొన్ని ఉన్నవి. సరాయి, దిగుడుబావి, చెరువు, తోట. అలసినవాడు వెతుక్కోనవసరం లేకుండా అతని దారికే ఎదురువచ్చి నిలిచిన కట్టడాలవి. ఇవాళ వాటిని చేరడమే కష్టం. దాచినది సుగమమై, పరచినది దుర్గమమైన ఈ తారుమారు ఎట్లా సంభవించినదో, దానివల్ల ఏమి పోయినదో ఆలోచించడమే ఈ వ్యాసోద్దేశం.

కొత్తగూడ ఏనాడూ పెద్ద ఊరు కాదు. గూడ, గూడెం అనే మాటలే చిన్న పల్లెను సూచిస్తాయి. గోల్కొండ నుండి షేక్‌పేట, రాయదుర్గం, గచ్చిబౌలి, లింగంపల్లి మీదుగా పటాన్‌చెరువు వైపు సాగిన ప్రాచీన మార్గమే తరువాతి కాలంలో పాత బొంబాయి రహదారి అయినది. కొత్తగూడ ఆ మార్గానికి కొంచెం ఉత్తరంగా, అడవి అంచున ఉన్న పల్లె. ఆ అడవిలో మిగిలిన 274 ఎకరాలే ఇప్పటి కోట్ల విజయభాస్కరరెడ్డి ఉద్యానవనం. 1998 నవంబర్ 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత ఈ పల్లెల రూపురేఖలు మారిన వేగం అందరికీ విదితమే. పెక్కు పల్లెల్లో ఇప్పుడు మిగిలిన ప్రాచీనవస్తువు వాటి నామధేయమొక్కటే. గచ్చిబౌలి అనే మాటను ప్రతిదినం లక్షలమంది ఉచ్చరిస్తారు. గచ్చు అంటే సున్నపు పూత. బౌలి అంటే మెట్లబావి. తెలుగు 'బావి', ఉత్తరాది 'బావొలీ' రెండూ సంస్కృత 'వాపీ' శబ్దపు సంతానమే. అంటే గచ్చు చేసిన దిగుడుబావి ఒకటి బాటసారులకు గుర్తుగా నిలిచి, ఆ గుర్తే ఊరి పేరయినదన్నమాట. అద్దాల మేడల నడుమ నిలబడి గచ్చిబౌలి అన్నప్పుడు మనం ఒక బావి పేరు చెబుతున్నామని ఎందరికి స్ఫురిస్తుంది? మసీదుబండ మరొక పేరు. కొండాపూర్ ఇంకొకటి. (శాతవాహనుల నాటి నాణేలు, ఇటుక కట్టడాలు బయల్పడిన కొండాపురం ఇది కాదు. అది సంగారెడ్డి జిల్లాలోనిది. పేరు చూసి ఇక్కడికి వచ్చి పురావస్తు ప్రదర్శనశాల ఎక్కడని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారట.)

బాట పక్కన బావి తవ్వించడం మన ధర్మశాస్త్ర పరిభాషలో 'పూర్తం'. యజ్ఞాదులు 'ఇష్టం'. వాపీకూపతటాకాలు, దేవాలయాలు, అన్నదానం, ఆరామాలు పూర్తం. రెండూ కలిసి ఇష్టాపూర్తం. ఋగ్వేదంలోనే కనిపించే ఈ జంటపదానికి స్మృతికారులు ఇచ్చిన వివరణలో గమనించదగిన విశేషమొకటి ఉన్నది. ఇష్టానికి అధికారనియమాలున్నవి. పూర్తానికి అవి లేవు. వేదాధికారం లేదని శాస్త్రం ఎవరిని పక్కన పెట్టినదో వారికి కూడా బావి తవ్వించే అధికారం ఉన్నది. ఆ బావి నీటి ఫలం కూడా యజ్ఞఫలం వలెనే వారిని అనుసరిస్తుంది. జాతి, లింగ నియమాల నడుమ ధర్మశాస్త్రం తెరిచి ఉంచిన విశాలమైన ద్వారాలలో ఇది ఒకటి.

పూర్తకర్మలో ఉత్సర్గమనే విధి ప్రధానం. చెరువు తవ్వినంత మాత్రాన పూర్తం సిద్ధించదు. దానిని సర్వప్రాణులకూ విడిచిపెడుతున్నానని కర్త సంకల్పించాలి. మత్స్యపురాణంలో తటాకప్రతిష్ఠావిధి విస్తారంగా వర్ణింపబడినది. దానానికీ ఉత్సర్గానికీ భేదమేమిటని నిబంధనకారులు సూక్ష్మంగా చర్చించారు. దానంలో పుచ్చుకొనేవాడు ఒకడుంటాడు, వాడు స్వీకరించినప్పుడే స్వత్వం మారుతుంది. ఉత్సర్గంలో పుచ్చుకొనేవాడంటూ ఎవడూ లేడు. దాత స్వత్వం పోతుంది గాని అది మరొకని స్వత్వం కాదు. ఆ తరువాత కర్త కూడా దప్పిగొన్న పదిమందిలో ఒకడుగా ఆ నీరు తాగవలసినదే. ఎవరిదీ కానిది గనుక అందరిదీ అయినది. ఈ భావం తరువాతి చర్చకంతటికీ మూలం గనుక పాఠకులు దీనిని మనసులో ఉంచుకోవలెనని ప్రార్థన.

సత్రమనే మాట చూడండి. వైదికపరిభాషలో 'సత్రం' పన్నెండు దినాలకు తక్కువ కాకుండా సాగే సోమయాగం. అందులో పదిహేడుగురికి తక్కువ కాకుండా, ఇరవైనలుగురికి మించకుండా యజమానులు ఉంటారు. వారే ఋత్విక్కులు కూడా. అందరూ యజమానులే గనుక దక్షిణ లేదు. ఎవడూ ఇచ్చేవాడు కాదు, ఎవడూ పుచ్చుకొనేవాడు కాదు. బాటసారులకు అన్నం పెట్టే ఇంటికి తెలుగువాడు ఈ యాగం పేరే పెట్టుకున్నాడు. ఇష్టం పూర్తంగా పరిణమించిన చరిత్ర అంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. పారశీకం నుండి వచ్చిన 'సరాయి' మరో నోటిమాట గాని, వస్తువు అదే.

రాజులు దీనిని ఎరుగుదురు. ఢిల్లీ-తోప్రా స్తంభం మీది ఏడవ శాసనంలో అశోకుడు బాటల వెంట మర్రిచెట్లు నాటించాననీ, మామిడితోటలు పెంచాననీ, క్రోశాల లెక్కన బావులు తవ్వించి విశ్రాంతిగృహాలు, చలివేంద్రాలు ఏర్పరిచాననీ చెప్పుకున్నాడు. వెంటనే, ఇవి స్వల్పమైన సుఖాలే, పూర్వరాజులూ చేసినవే, ప్రజలు ధర్మాన్ని అనుసరించాలనే నేను చేశాను అంటాడు. ఇంత చేసినవాడు దానిని స్వల్పమనడంలోని వినయం కంటె వివేకం నన్ను ఎక్కువగా ఆకర్షిస్తుంది. ముండకోపనిషత్తు ఇష్టాపూర్తాలే పరమమనుకొనే వారిని మూఢులనడం కూడా ఈ వివేకమే. చెరువు తవ్విస్తే మోక్షం రాదు. కాని మోక్షమార్గంలో నడిచేవాడికి కూడా దారిలో దాహం వేస్తుంది.

ఇక షేక్‌పేట సరాయి.

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు పడమటి నుండి వచ్చే సార్థవాహులకు ఇది మజిలీ. రెండంతస్తుల కట్టడం. కమాను ముఖద్వారాలతో వరుసగా సుమారు ముప్పై గదులు. గుర్రాలకు, ఒంటెలకు శాలలు. సమీపంలో మసీదు, ఒక సమాధి. కోట తలుపులు మూసిన తరువాత చేరినవారు రాత్రి ఇక్కడ విశ్రమించి ఉదయం లోపలికి వెళ్ళేవారని చెబుతారు. ఎద్దులబండి దినమంతా నడిచినా ఇరవై మైళ్ళు దాటడం అరుదు. ఆ వేగానికి తగినట్టుగా మజిలీల లెక్క ఉండేది. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో పలుమార్లు సంచరించాడు. 1676లో పారిస్‌లో అచ్చయిన అతని యాత్రాగ్రంథంలో ఊరి నుండి ఊరికి ఎన్ని క్రోశాలో వరుసగా లెక్కలుంటాయి. నేటి పాఠకుడికి అవి విసుగు పుట్టించే పుటలు. వాటిని నేను ఆ గ్రంథంలోని వజ్రాల వర్ణన కంటె ప్రీతితో చదివాను. ఒక దేశాన్ని అడుగులతో కొలిచినవాడి లెక్కలవి.

కొత్తగూడ కూడలి నుండి షేక్‌పేట సరాయికి ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుంది. పూర్వం ఇది రెండు గంటల నడక. కాలినడకననే చూడాలనే పట్టుదలతో ఒక మాఘమాసపు ఉదయం బయలుదేరిన నాకు నాలుగు గంటలు పట్టినది. దూరం పెరగలేదు గదా, కాలం ఎందుకు పెరిగినది? కూడలి దగ్గర రహదారి దాటడానికే చాలాసేపు నిరీక్షించవలసి వచ్చినది. కాలిబాట కొంత దూరం ఉండి, హఠాత్తుగా ఒక విద్యుత్ పెట్టె ముందు ఆగిపోతుంది. మళ్ళీ మొదలై ఎవరిదో వాహనాల నిలుపుదల స్థలంలో అంతమవుతుంది. కొన్నిచోట్ల ఎడమ పక్క గోడ, కుడి పక్క వేగంగా సాగే వాహనప్రవాహం, నడుమ మనిషి నిలిచే చోటు లేదు. ఎదుటి పక్కకు చేరాలంటే ముందు దూరంగా వెళ్ళి తిరిగి వెనక్కి రావలసినదే. ఒక కాపలాదారు దయదలచి, "స్వామీ, ఆటో ఎక్కండి, ఇది నడిచే దారి కాదు" అన్నాడు. అతడు చెప్పినది అక్షరాలా యథార్థం. మూడు శతాబ్దాలకు పైగా మనుషులు నడిచిన దారి నడిచే దారి కాకుండా పోయినది.

షేక్‌పేట మీదుగా 2022 జనవరి 1న పైవంతెన తెరిచారు. సరిగ్గా సంవత్సరం తరువాత 2023 జనవరి 1న కొత్తగూడలో మరొకటి తెరిచారు. రెండూ అవసరమైనవే, నేను కాదనను. ప్రతిదినం ఆ కూడళ్ళలో గంటలు పోగొట్టుకొనే ఉద్యోగికి ఆ వంతెనలే నేటి పూర్తం. కాని పైవంతెన స్వభావం ఒకటున్నది. అది రెండు చివరలను కలుపుతుంది, నడుమ ఉన్నదాన్ని దాటవేస్తుంది. సరాయి స్వభావం నడుమ ఉండటం. గమ్యం కానిదానికి, మజిలీకి, ఇప్పటి రహదారి శాస్త్రంలో చోటు లేదు. రెండు నిమిషాలలో షేక్‌పేటను దాటిపోయే వాహనంలో కూర్చున్నవాడికి ఆ కమానులు కనిపించినా, కన్ను గుర్తించేలోగా వెనకబడిపోతాయి. దిగాలని అనిపించినా దిగే చోటు మైలు దూరంలో ఉంటుంది.

కౌటిల్యుడిని మరొకసారి స్మరించక తప్పదు. రథమార్గం, రాజమార్గం ఎంత వెడల్పు ఉండాలో నిర్దేశించినవాడే పశువుల బాటకు, చివరగా చిన్న జంతువులూ మనుషులూ నడిచే బాటకు కూడా కొలత చెప్పాడు. మనుష్యపథానికి రెండు అరత్నులు, అంటే సుమారు మూడు అడుగులు. దానిని అడ్డగించినవాడికి పన్నెండు పణాల జరిమానా. రెండువేల సంవత్సరాల క్రితపు రాజనీతిశాస్త్రం ఏనుగులకూ రథాలకూ స్థలమిచ్చిన తరువాత కూడా, మేకతో నడిచిపోయే మనిషి కోసం మూడు అడుగులు విడిగా లెక్కపెట్టినది. వామనుడు బలిని అడిగినదీ మూడు అడుగులే గదా అని చమత్కారానికి అనవచ్చు గాని, ఇక్కడి మూడు అడుగులు లోకాలను ఆక్రమించవు.

సరాయి ముందు నిలబడినప్పుడు నాకు కఠోపనిషత్తులోని ప్రారంభకథ జ్ఞప్తికి వచ్చినది. యముడు ఇంట లేనప్పుడు నచికేతుడు ఆ ద్వారం దగ్గర మూడు రాత్రులు నిరాహారుడై ఉంటాడు. తిరిగివచ్చిన యముడికి, ఎవని ఇంట అతిథి అన్నం లేకుండా ఉంటాడో వాని ఆశలు, సంతానం, పశుసంపదతో పాటు ఇష్టాపూర్తాలు కూడా నశిస్తాయని చెబుతారు. ఆ జాబితాలో పూర్తం ఉండటం ఆశ్చర్యకరం. కట్టిన బావి ఎక్కడికి పోతుంది? తవ్విన చెరువు ఒక్క అతిథి ఆకలితో ఉంటే ఇంకిపోతుందా? భాష్యం ఇష్టాపూర్తమంటే దాని ఫలమని సరిపెడుతుంది. నాకు మరొక అర్థం కూడా తోస్తున్నది. పూర్తం రాతిలో లేదు, ఆతిథ్యంలో ఉన్నది. అతిథి బయట నిలిచిపోయిన క్షణంలో గోడలు నిలిచే ఉంటాయి, పూర్తం నశిస్తుంది. సరాయికి ఇటీవల పునరుద్ధరణ పనులు తలపెట్టారు, సంతోషం. పగుళ్ళు పూడ్చి, సున్నం వేసి, దీపాలు అమర్చినంత మాత్రాన సరాయి సరాయి కాదు. ఎండలో వచ్చినవాడు లోపల నీడన కూర్చోగలగాలి, నీరు తాగగలగాలి. అంతకు ముందు, అక్కడికి రాగలగాలి.

'సరాయి ముస్లిం పాలకుల కట్టడం, దానికి స్మార్తపరిభాష ఎట్లా అన్వయిస్తుంది?' అని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. ఆక్షేపణకు సమాధానం ఇదే పాత బాట మీద పడమటిగా ఉన్నది. అక్కడి తెల్లాపూర్‌లో పదిహేనవ శతాబ్దారంభపు తెలుగు శాసనమొకటి లభించినది. తెలంగాణ నామం కనిపించే ప్రాచీన శాసనాలలో ఒకటిగా అది ప్రసిద్ధం. కాలం బహమనీ సుల్తాను ఫిరోజ్ షాది. కర్తలు విశ్వకర్మ కులజులైన శిల్పులు. విషయం బావి, తోట. రాజు తురుష్కుడు, కర్తలు కంసాలులు, భాష తెలుగు, కర్మ పూర్తం. ఇందులో ఎవరికీ పరస్పర విరోధం తోచలేదు. రాజ్యాధికారం లేనివారు, అగ్రహారం లేనివారు, చేతిపనితో బతికే వారు బావి తవ్వించి రాతిమీద పేరు చెక్కించుకున్నారు. స్మృతులు తెరిచి ఉంచిన ద్వారమని పైన చెప్పినది ఇదే.

తెల్లాపూర్‌ను దాటి ఇంకా ముందుకు వెళితే అమీన్‌పూర్, పటాన్‌చెరువు. ఇబ్రహీం కుతుబ్‌షాను (1550–1580) మన కవులు ముద్దుగా మల్కిభరాముడన్నారు. అతని కాలపు ప్రభువు అమీన్ ఖాన్ పటాన్‌చెరువులో ఉండేవాడు. పొన్నికంటి తెలగన్న తన 'యయాతి చరిత్ర'ను అతనికి అంకితమిచ్చాడు. తత్సమపదాలను పూర్తిగా విసర్జించి రచింపబడిన తొలి అచ్చతెలుగు కావ్యమది. (సంస్కృతపదం లేకుండా రెండు వాక్యాలు వ్రాయలేని నావంటి వారికి అది నిత్యమూ ఒక హెచ్చరిక.) అమీన్ ఖాన్ పేరనే అమీన్‌పూర్ వెలసినదని ప్రతీతి. అక్కడి చెరువు ఆ కాలపుదే. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరప్రాంత జలాశయాలలో దేశంలో ఆ గౌరవం మొదట దక్కినది దీనికే.

తెలుగువారు సప్తసంతానాలని చెప్పుకుంటారు. పుత్రుడు, చెరువు, కావ్యకృతి, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం. మనిషి పోయిన తరువాత అతని పేరు నిలిపేవి ఈ ఏడూనట. అమీన్ ఖాన్ విషయంలో చెరువూ కావ్యమూ రెండూ నిలిచాయి. అతని సమాధి పటాన్‌చెరువులోనే ఉన్నది. ఆ మూడింటిలో నాకు సుగమమైనది కావ్యం. చెరువు పక్షులను చూడటానికి వచ్చేవారికి బాగానే తెలుసు. సమాధిని కనుగొనడానికి మాత్రం దారి పొడవునా అడుగుతూ పోవలసి వచ్చినది. అడిగిన అయిదుగురిలో నలుగురు ఆ పేరు వినలేదు. అయిదవవాడు పండ్ల బండి పెట్టుకున్న వృద్ధుడు. దారి చెప్పి, బండి వదిలి సగం దూరం వెంట వచ్చాడు.

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి తటాకశాసనం ఉన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన అనంతరాజసాగరాన్ని గురించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో చెప్పబడినవి. కట్ట నుండి నీరు ఊరడం, చవిటినేల వంటి దోషాలతో పాటు, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం కూడా దోషమే. ఇద్దరి బాధ్యత అయినది ఎవరి బాధ్యతా కాదని ఆ శాసనకర్త ఎరుగును. బాట పక్కని ప్రాచీన కట్టడాలకు నేడు పట్టిన దోషం ఇదే అని నా అభిప్రాయం. కట్టడం ఒక శాఖది, దాని ముందరి కాలిబాట మరొక సంస్థది, రహదారి ఇంకొకరిది, పక్కనున్న ఖాళీస్థలం వివాదంలో ఉన్నది. ఉత్సర్గంలో 'ఎవరిదీ కానిది' అంటే అందరిదీ అని అర్థం. సరిహద్దు దోషంలో 'ఎవరిదీ కానిది' అంటే అనాథ అని అర్థం. వ్యాకరణం ఒకటే.

అన్ని దుర్గమస్థానాలూ విచారించదగినవి కావు. గోల్కొండ సమీపాన తారామతి బారాదరి పర్యాటకశాఖ నిర్వహణలో సుగమంగానే ఉన్నది, రుసుము చెల్లిస్తే చాలు. అది వేరు సంగతి. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో బృహచ్ఛిలాయుగపు సమాధులు, నిలువురాయి ఉన్నవి. విద్యాసంస్థ గనుక అనుమతి లేనిదే లోపలికి పోరాదు, పోకపోవడమే ఆ రాళ్ళకు రక్ష. ఖాజాగూడ గుట్టలు ఇంకొక ఉదాహరణ. అక్కడ బాబా ఫఖ్రుద్దీన్ ఔలియా దర్గా, అనంతపద్మనాభస్వామి ఆలయం ఒకే శిలాసముదాయాన్ని ఆశ్రయించుకొని ఉన్నవి. ఆ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. అక్కడికి ఎక్కేవాడికి ఊపిరి అందదు, కాలు జారుతుంది. జారవలసినదే. ఫకీరో, యతియో జనపదాన్ని విడిచి అక్కడికి చేరినది జనం సులభంగా రాకూడదనే గదా. ఆత్మమార్గాన్ని కత్తి అంచుతో పోల్చిన కఠోపనిషత్తు ఆ బాటకు వాడిన విశేషణం 'దుర్గ'మనేదే. సాధకుడికి కాఠిన్యం విఘ్నం కాదు, సాధనం.

అయితే విచిత్రమేమంటే, కాఠిన్యం ఉండవలసిన చోట మనం దానిని తొలగిస్తున్నాము. దుర్గం చెరువు చుట్టుపక్కల గుట్టలూ, ఖాజాగూడ శిల కొన్నీ నగరాభివృద్ధి సంస్థ వారసత్వ శిలల జాబితాకు ఎక్కినవే. ఆ జాబితా కళ్ళముందుండగానే ఈ ప్రాంతంలో ఎన్ని గుట్టలు పేలుడు మందుతో నేలమట్టమై భవనాలకు పునాదులయ్యాయో పాతవారికి తెలుసు. యతి గుట్టను చదును చేశాము, బాటసారి సత్రాన్ని దుర్గం చేశాము. అలసినవాడికి ఇవ్వవలసిన సౌలభ్యాన్ని తపస్సుకు, తపస్సుకు తగిన కాఠిన్యాన్ని అలసినవాడికి ఇచ్చాము. ప్రాచీనులకు ఈ రెంటి భేదం స్పష్టంగా తెలుసు. కొండమీద గుడి కట్టినవాడే కొండ కింద చలివేంద్రం పెట్టాడు.

జీర్ణోద్ధరణ విషయంలో విష్ణుస్మృతి ఉదారంగా ఉన్నది. బావిని, తోటను, చెరువును, దేవాలయాన్ని బాగుచేసినవాడికి మొదట నిర్మించినవాడికి కలిగే ఫలమే కలుగుతుందని దాని సారాంశం. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో దశాబ్దాల తరబడి చెత్తతో పూడిపోయిన మెట్లబావిని తవ్వి శుభ్రం చేసి 2022 డిసెంబర్ 5న ప్రజలకు తెరిచారు. అక్కడ నన్ను ఆకర్షించినవి బావి మెట్ల కంటె, సాయంకాలం ఆ మెట్ల దగ్గర కూర్చునే ఆ వీధి ఆడవాళ్ళ కబుర్లు. ఇరుగుపొరుగు ఇళ్ళ నుండి నాలుగడుగులు నడిచి వచ్చేవారు వాళ్ళు. ఆ బావి మళ్ళీ వీధిది అయినది.

షేక్‌పేటకు వెళ్ళదలచిన పాఠకులు తెల్లవారుజామున, ఎండ ముదరకముందే బయలుదేరడం మంచిది. పైవంతెన ఎక్కవద్దు, కిందిదారిలోనే సాగాలి. వెంట నీరు ఉంచుకోవాలి. వృద్ధులు, పిల్లలు తోడుంటే గచ్చిబౌలి నుండి ఆటోలోనే పోవడం క్షేమం. సరాయి బాగుచేసే పని ఎవరి చేతిలో ఉన్నదో వారికి ఒకే విన్నపం. గోడకు సున్నం వేయకముందే, బస్సు ఆగే చోటి నుండి సరాయి గుమ్మం దాకా కౌటిల్యుడు చెప్పిన రెండు అరత్నుల బాట ఒకటి వేయించండి. నడుమ ఏ విద్యుత్ పెట్టే అడ్డం లేకుండా చూడండి. గుమ్మం దగ్గర ఒక కుండ, ఒక లోటా, వాటిని నింపే మనిషి. వేపచెట్టు నీడ ఉంటే మరీ మంచిది. టికెట్టు కిటికీ సంగతి తరువాత ఆలోచించవచ్చు.